అమ్మానాన్నల ప్రోగ్రెస్ కార్డు

నాచారంలో మేమున్న గల్లీ చివర ఒక చిన్న బడి ఉండేది. బడి అనగానే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. రెండు గదులు, వెనకాల రేకుల షెడ్డు. ఆ షెడ్డు ఆదివారం చర్చి, మిగతా రోజులు మూడు, నాలుగు, అయిదు తరగతులు. బెంచీలు రెంటికీ అవే. ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్ళ చీరలకి శనివారం నాటి సుద్దపొడి అంటుకునేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఆ బడి నడిపేది మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ, ఎదురుగా ఉన్న కిరాణా సేటూ అందరూ ఆవిడని పెద్ద టీచర్ అనేవాళ్ళు. ఆవిడ బడిలో పరీక్షలు ఉండేవి, మార్కులు ఉండేవి. ర్యాంకులు ఉండేవి కావు. ప్రోగ్రెస్ కార్డులు బయట అచ్చయినవే కొనేది కాబట్టి వాటిలో ర్యాంకు అని ఒక గడి ఉండేది. ఆ గడిలో పెద్ద టీచర్ ఒక పువ్వు స్టాంపు గుద్దేది. ఫస్టు వచ్చిన పిల్లకీ అదే పువ్వు, లెక్కల్లో తప్పినవాడికీ అదే పువ్వు.

మూడో తరగతి చదివే మా అమ్మాయికి ఆ పువ్వంటే ఇష్టం. అంతకంటే ఇష్టం బడిగంట. గంటంటే వేపచెట్టుకి కట్టిన రైలుపట్టా ముక్క. నాలుగో తరగతి పిల్లలు వారానికొకరు వంతులేసుకుని దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేవాళ్ళు. మా అమ్మాయి తన వంతు కోసం ఏడాదిగా కలలు కంటోంది. ఇంట్లో పళ్ళెం మీద గరిటెతో సాధన చేసి మా చెవులకి చిల్లులు పొడిచేది.

మా ఆయనకి పువ్వంటే మంట.

"ర్యాంకు అడిగితే పువ్వు పెడ్తది. మన చెవుల పెడ్తున్నది ఆమె, నీకు సమజైతలేదు" అనేవాడు.

ఆయన నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేవాడు. ఏ విషయమైనా అక్కడికే తీసుకుపోయేవాడు. "మా కంపెనీల టెస్టు చెయ్యకుంట ఒక్క గోలి గూడ గేటు దాటదు. మరి పిల్ల ర్యాంకెంతో తెల్వకుంట పై క్లాసుకు ఎట్ల పంపుతరు?"

"అయితే దాని వీపు మీద ఎక్స్‌పైరీ డేటు గూడ కొట్టిపియ్యున్రి" అన్నాను. డిగ్రీలో నేను చదివింది తర్కశాస్త్రం. మా ఇంట్లో అది రోజూ పనికొచ్చేది.

ఈ మంటకి కిరసనాయిలు పోసింది ఉప్పల్‌లో ఉండే మా ఆడబిడ్డ. ఆవిడ కొడుకు టైలూ బూట్లూ ఉన్న పెద్ద బడిలో చదివేవాడు. ఆవిడ మా ఇంటికొస్తే చేతిసంచిలో పండ్లతో పాటు వాడి ప్రోగ్రెస్ కార్డు కూడా ఉండేది.

"మావోడు గీసారి సెకండ్ ర్యాంకు వదినె. మీ పిల్లకెంత?"

"మా పిల్లకి పువ్వు" అన్నాను.

మా ఆయన మొహం మాడిపోయింది. ఆ సాయంత్రమే ప్రకటించాడు: జూన్‌లో టీసీ తీసుకుని పిల్లని ఉప్పల్ బడిలో వేస్తానని. పిల్ల చేతిలోంచి గరిటె జారింది.

"మరి నా గంట?" అంది. అది ఏడవలేదు. ఏడిస్తే బావుండేది, ఆయనే కరిగేవాడు.

సరిగ్గా అప్పుడే ఆ చుట్టుపక్కల ప్రైవేటు బడులన్నీ కలిసి ఒక కామన్ పరీక్ష పెట్టాలనుకున్నాయి. మూడో తరగతి నుంచి అయిదు దాకా అందరికీ ఒకటే పేపరు, బయట అచ్చేయించింది. ర్యాంకులు అన్ని బడుల గేట్లకీ అంటిస్తారట. మా ఆయన మళ్ళీ పెళ్ళికొడుకైనంత సంబరపడ్డాడు. "పిల్ల ఇది రాయాలె. మంచి ర్యాంకొస్తే ఈడనే ఉంటది. రాకుంటే ఉప్పల్. రాయకున్నా ఉప్పలే."

పెద్ద టీచర్ శనివారం మీటింగు పెట్టింది. పిల్లల చేత రాయించడమో మానడమో తల్లిదండ్రుల ఇష్టమనీ, రాయని పిల్లలకి తన బడిలో ఏ లోటూ ఉండదనీ చెప్పింది. అంతే, షెడ్డు రెండుగా చీలింది. రాయించాలనేవాళ్ళకి మా ఆయన నాయకుడు, వద్దనేవాళ్ళకి నేను. అదే ఇంటి గొడవ, శ్రోతలు పెరిగారంతే. ఆయన గోలీల గురించి చెప్పాడు. నేను ఎక్స్‌పైరీ డేటు గురించి చెప్పాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో నడిపే ఒకాయన లేచి, "అన్నా, అక్కా, మీరు ఇంట్ల కొట్లాడుకోని రాకపోయిన్రా, మాకు ట్రిప్పులు పోతున్నయ్" అన్నాడు.

పెద్ద టీచర్ నవ్వి, ముందున్న బెంచీ మీద అరచేత్తో చరిచింది.

"మంచిగుంది. రెండు జట్లయిన్రు. రేపు ఆరాధన అయినంక అందరు రాండ్రి. పోయినేడు ఓ బడిల పెట్టిన మూడో తరగతి పేపరున్నది నాతాన. మీరు రాయున్రి. రాసినంక, పిల్లలు రాయాల్నా ఒద్దా అన్నది జెప్పున్రి. గప్పటిదాంక నాకు ఎవ్వరి మాటొద్దు."

"మేం రాయాల్నా? మేమెప్పుడో రాసి పాసైనం" అన్నాడు మా ఆయన.

"అట్లయితే ఫికరేంది బిడ్డా?"

ఆదివారం చివరి పాట ఇంకా గాలిలో ఉండగానే బెంచీలు దూరం దూరం జరిపారు. చర్చికొచ్చిన వాళ్ళూ, బొట్లు పెట్టుకుని వచ్చిన మేమూ కలిసి కూర్చున్నాం. ఆ బెంచీలు మూడో తరగతి పిల్లలకి చేయించినవి. మా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పేపరు ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక టీచరమ్మ ప్రశ్నలన్నీ తెలుగులో చదివింది, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు రాయొచ్చంది. కాపలా ఎవరనుకున్నారు? పిల్లలే. వాళ్ళ నడకలూ, చేతులు వెనక్కి కట్టుకోవడాలూ చూడాలి మీరు!

"మమ్మీ, పక్కకు సూడొద్దు" అంది మా అమ్మాయి.

"సూస్తలేనే, మీ డాడీకి ప్రశ్న తప్పని జెప్తున్న."

"మాట్లాడితే పేపర్ గుంజుకుంట."

వెనక బెంచీలో ఆటో ఆయన తన పక్కాయన కాగితంలోకి తొంగి చూస్తే, సొంత కొడుకే ఆయన్ని లేపి గోడ దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన చాలాసేపు నవ్వు ఆపుకోలేక పెన్సిల్ కొరుక్కున్నాడు.

తర్వాత పిల్లలే ఎర్ర పెన్సిళ్ళతో దిద్దారు. జవాబుల కాగితం ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు ఉంటేనే మార్కు. అసలు పండుగ అక్కడ మొదలైంది.

పోలీసు ఏం చేస్తాడు? ఆటో ఆయన 'చలాను రాస్తడు' అని రాశాడు. జవాబు 'దొంగలను పట్టుకుంటాడు'. సున్నా. "నా జిందగీల దొంగను వట్టుకున్న పోలీసును సూడలే కొడకా, చలాను మాత్రం మొన్ననే రాసిండు" అని ఆయన మొత్తుకున్నాడు. తల్లి ఏం చేస్తుంది? మందుల కంపెనీలో ప్యాకింగుకి వెళ్ళే ఒకామె 'డ్యూటీకి పోతది' అని రాసింది. జవాబు 'వంట చేస్తుంది'. సున్నా. నేను అదే ప్రశ్నకి కాగితం రెండు వైపులా రాశాను. ఆ ప్రశ్న అడిగినవాడి బుద్ధిని కూడా కాస్త విమర్శించాను. అది ముగిసేసరికి టైమయిపోయి లెక్కలన్నీ మిగిలిపోయాయి. మా అమ్మాయి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వంట అనే మాట ఎక్కడా దొరక్క, పెద్ద సున్నా చుట్టింది.

అయితే ఆ రోజు షెడ్డు దద్దరిల్లింది నా వల్ల కాదు, మా ఆయన వల్ల. మనకు పాలు ఎవరు ఇస్తారు? ఆయన 'బర్రె' అని రాశాడు.

"తప్పు డాడీ. ఆవు."

"మనింటికి రోజు ఏం పాలొస్తయ్ బిడ్డా?"

"బర్రె పాలు."

"నువ్వు పొద్దుగాల తాగినయ్?"

"బర్రె పాలే."

"మరి?"

"నువ్వు రాసింది నిజమే డాడీ. గానీ ఇండ్ల ఆవని ఉన్నది."

"అచ్చేసినోనికి బర్రె తెల్వకుంటే నాదా తప్పు? అర మార్కన్న వెయ్యి."

"వెయ్యరాదు."

ల్యాబులో కొలిచి కొలిచి జీవితం గడిపిన మనిషి అర మార్కు కోసం పెద్ద టీచర్ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ చాయ్ గ్లాసులోంచి తలెత్తకుండా, "దిద్దినోళ్ళది ఆఖరి మాటయ్యా" అంది. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం.

సోమవారం మా అమ్మాయి బడి నుంచి మా ఇద్దరి ప్రోగ్రెస్ కార్డులూ తెచ్చింది. మార్కులున్నాయి. ర్యాంకు గడిలో పువ్వుంది. మా ఆయన ఆ పువ్వుని గోటితో గీకి చూశాడు, కింద ఏమైనా ఉందేమోనని. తర్వాత చెప్పులేసుకుని ఆటో ఆయన ఇంటికెళ్ళాడు, ఆయనకెన్ని వచ్చాయో కనుక్కోవడానికి. ఆటో ఆయన చెప్పలేదట. "నాకు పువ్వొచ్చిందన్నా" అన్నాడట.

కార్డు కింద తండ్రి సంతకం ఉండాల్సిన చోట పెద్ద టీచర్ 'బిడ్డ సంతకం' అని దిద్దింది. సంతకంతో కార్డు మర్నాడు బడికి పంపాలి. మా ఆయన పెన్ను కూడా ఇచ్చి కార్డు ముందుకు తోశాడు. మా అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది. అచ్చం ఆయన వాలినట్టే.

"మార్కులు ఎందుకు తక్కువొచ్చినయ్?"

"బర్రె వల్లనే."

"సాకులు జెప్పొద్దు. నీకు సదువు మీద ధ్యాస లేదు. గా ఆటో అంకుల్‌ను సూసి నేర్సుకో."

అవన్నీ ఆయన మాటలే, పొల్లు పోలేదు. నేను వంటింట్లోకి పోయి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"సంతకం పెడ్త. టీసీ తియ్యనని జెప్పు."

"గిదేంది, బేరమా?"

"సంతకం కావాల్నా ఒద్దా?"

ఆయన వంటింట్లో ఉన్న నా వంక చూశాడు, నేనే నేర్పించానని. ఒట్టు, ఆ ఒక్కసారి నేనేమీ నేర్పలేదు. గోడ గడియారం చూశాడు. కార్డు చూశాడు. ఆ పువ్వుని చూసి ఎందుకో ఆయనకే నవ్వొచ్చింది.

"తియ్య తల్లీ. పెట్టు."

అది నాలుక బయటపెట్టి, ఇంత పొడుగు పేరూ విడదీసి విడదీసి రాసింది.

కామన్ పరీక్ష సంగతి చెప్పాలి కదా. కొంతమంది రాయిస్తామన్నారు, కొంతమంది వద్దన్నారు, పెద్ద టీచర్ రెండిటికీ సరేనంది. నేను వద్దన్నాను. ఆయన, "ఇగ నీ ఇష్టం, నాదేం లేదు" అన్నాడు. గెలిచాననుకున్నాను. పరీక్ష రోజు పొద్దున మా అమ్మాయి అట్ట, పెన్సిలు తీసుకుని బయల్దేరింది.

"మీరిద్దరు రాసిన్రు గద. నేనెందుకు రాయొద్దు?"

నా తర్కశాస్త్రం నాకే ఎదురు తిరిగింది. వెళ్ళి రాసొచ్చింది. ఆ పాల ప్రశ్న మళ్ళీ వచ్చిందట. బర్రె అని రాశానని చెప్పింది. జవాబు తెలిసి కూడా! గేటుకి అంటించిన ర్యాంకుల కాగితంలో దాని పేరు కింద నుంచి వెతికితే తొందరగా దొరికింది. మా ఆడబిడ్డ తన కొడుకు ర్యాంకు చెప్పడానికి వచ్చినప్పుడు మా ఆయన ఆవిడకి చాయ్ ఇస్తూ, "ఇవి బర్రె పాలక్కా" అన్నాడు. ఆవిడకేం అర్థం కాలేదు. మేం ముగ్గురం మాత్రం పొలమారేదాకా నవ్వాం.

జూన్‌లో బడి తెరిచాక, ఇప్పుడు నాలుగో తరగతి కదా, ఒక వారం దాని గంట వంతు వచ్చింది. డ్యూటీకి బయల్దేరిన మా ఆయన స్కూటరు ఆపి బడి గేటు దగ్గర నిలబడ్డాడు. టైమైపోతోందని నేను అరిచాను. ఆయన చెయ్యెత్తి నన్నాగమన్నాడు. వేపచెట్టు కింద మా అమ్మాయి రెండు చేతులతో కడ్డీ ఎత్తింది. ఆ గంట కావలసిన దానికంటే చాలా ఎక్కువసేపు మోగింది. పెద్ద టీచర్ ఆపలేదు.