చెక్‌పోస్టు దగ్గర తాతయ్య చెప్పిన రోగం

నా చిన్నప్పుడు వయసులో ఉన్న మగవాడు ఒంటరిగా బస్సెక్కి వేరే ఊరు పోవాలంటే ఇంట్లోవాళ్లు జంకేవారు. అవి అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం. సిరిసిల్ల నుంచి జగిత్యాల పోయే దారిలో పోలీసులు బస్సు ఆపి, కుర్రవాళ్లను దింపి ప్రశ్నలు వేసేవారు. పక్కన ఒక ముసలాయన, ఒక పిల్లవాడు ఉంటే కుటుంబమనుకుని తొందరగా వదిలేవారు. మా చిన్నబాపును దవాఖానకు తీసుకుపోయిన రోజు తాతయ్య నన్ను బడి మాన్పించి వెంటబెట్టుకున్నది అందుకే.

చిన్నబాపు అంటే మా నాన్న తమ్ముడు. ఈ మాఘంలో పోయాడు. ఆ రోజు సంగతి ఆయన బతికినన్నాళ్లూ దాచలేదు. తన కొడుకులకు చెప్పాడు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే కుర్రవాళ్లకూ చెప్పాడు. కనుక నేను రాయడంలో తప్పు లేదు. ఇందులో కొంత నేను చూసింది, కొంత ఆయన తర్వాత చెప్పింది.

మాది నూలుకు రంగు అద్దే ఇల్లు. చిన్నబాపు వలస పోయి ఒక ఏడాది భీవండి మరమగ్గాల మీద పనిచేసి వచ్చి తాతయ్యతో పాటు అద్దకంలో ఉన్నాడు. కోరుట్ల సంబంధం కుదిరింది. పెళ్లి ఇరవై రోజులు ఉందనగా, ఆ సంబంధం వద్దని చెప్పిరమ్మని తాతయ్యను అడిగాడు. కారణం గుచ్చి గుచ్చి అడిగితే చివరికి చెప్పాడు. మూత్రం పోసే చోట చర్మం ఎర్రబడి నెల దాటింది. దురద, మంట. భీవండి పోయినవాడు రోగం లేకుండా తిరిగి రాడని మా వాడలో ఒక వెక్కిరింత ఉండేది. ఆయన అక్కడ ఏ తప్పూ చేయలేదు. కానీ పదిమంది ఒకే గదిలో ఉండి ఒకరి తువ్వాలు ఒకరు వాడుకున్నారు. అట్లా సుఖరోగం అంటుకుందని నమ్మాడు. దాన్ని ఒక ఆడపిల్లకు అంటించడం కన్నా పెళ్లి మానుకోవడం మేలనుకున్నాడు.

తాతయ్య తిట్టలేదు. "డాక్టర్ చెప్పిండా, నువ్వే చెప్పుకున్నవా?" అని మాత్రం అడిగాడు. సిరిసిల్లలో చూపించుకుంటే సాయంత్రానికి వాడ అంతటికీ తెలుస్తుందని చిన్నబాపు భయం. అందుకే జగిత్యాల.

వేములవాడ దాటాక చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. జమేదారు లోపలికి తొంగిచూసి చిన్నబాపును దిగమన్నాడు. తాతయ్య నా చేయి పట్టుకుని వెనకే దిగాడు. ఎక్కడికంటే దవాఖానకన్నాడు చిన్నబాపు. ఏమైందంటే నోరు మెదపలేదు. గాయపడ్డ అన్నలు ఎక్కడ మందు తీసుకుంటున్నారో అప్పట్లో పోలీసులు వెతికేవారు. కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ, జబ్బేమిటో చెప్పని కుర్రవాడు వాళ్లకు ఎట్లా కనిపించి ఉంటాడో ఇప్పుడు నాకు అర్థమవుతుంది. "దెబ్బ ఏడ తగిలింది, చూపియ్," అన్నాడు జమేదారు.

"దవాఖానకు పోయేది నేను సారు," అన్నాడు తాతయ్య. బస్సులో అందరికీ వినబడే గొంతు, వాన గురించి చెప్పినంత మామూలుగా. "పంచె కింద దురద. గోకి గోకి తోలు లేసింది. పోరడు సిగ్గుకు చెప్తలేడు. చూస్తనంటే చూపిస్త." పంచె అంచు మీద చేయి వేశాడు.

జమేదారు రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు వద్దు. పో తాతా. గీ వయసుల గిదేం రోగం?"

"దురదకు వయసు తెల్వది సారు."

బస్సులో ఆడవాళ్లు కూడా నవ్వారు. సీట్లో కూర్చున్నాక చిన్నబాపు తల దించుకుని, "నీ ఇజ్జత్ పోయింది గద బాపు," అన్నాడు. "ఏడ వోయింది? నా పంచె నాకున్నది. నువ్వు బస్సుల ఉన్నవ్," అన్నాడు తాతయ్య.

దవాఖానలో మాత్రం ఆయన లోపలికి పోలేదు. "పోలీసోనికి నేను చెప్పిన. డాక్టర్‌కు నువ్వే చెప్పాలె," అని కొడుకును పంపి, నాతో బయట బల్ల మీద కూర్చున్నాడు.

డాక్టరు చూసి, ఏం పూస్తున్నావు, బట్టలు ఎట్లా ఉతుకుతున్నావు అని అడిగాడట. అప్పుడు బయటపడింది. అద్దే ముందు నూలుకు జిడ్డు పోవడానికి బట్టల సోడా వేసిన నీళ్లలో ఉడికిస్తాం. నూలు జిడ్డునే వదిలించేది రోగాన్ని వదిలించదా అని చిన్నబాపు తన లోపలి బట్టలను ఆ నీళ్లలోనే నానబెట్టాడు. సరిగా జాడించకుండా కట్టుకున్నాడు. చెమటకు ఒరుసుకుని చిన్నగా మొదలైన దురద సోడాతో మంటైంది. మంట ఎక్కువైనకొద్దీ ఇంకా ఎక్కువసేపు నానబెట్టాడు.

సబ్బు, సోడా, నూనె అన్నీ మానేసి ఉత్త నీళ్లతో కడుక్కుని, మెత్తని బట్టతో అద్ది ఆరబెట్టుకోమన్నాడు డాక్టరు. బాగా జాడించిన వదులు నూలు బట్టలు వేసుకోమని, కొన్నాళ్లు రాసుకోమని ఒక పూతమందు ఇచ్చాడు. సుఖరోగం తువ్వాలుతో అంటుకునేది కాదని చెప్పి, అయినా మనసులో అనుమానం ఉండొద్దని రక్తం కూడా తీయించాడు. రెండు వారాల్లో తగ్గకపోయినా, పుండు గానీ పొక్కులు గానీ లేచినా, చీము కారినా, మూత్రం మంటగా వచ్చినా, జ్వరం వచ్చినా ఆగకుండా రమ్మన్నాడు. ముందు చర్మం వాచి వెనక్కి పోకపోయినా, వెనక్కి పోయింది ముందుకు రాకపోయినా ఆ రోజే రావాలన్నాడు. "ఒకవేళ నువ్వనుకున్న రోగమే అయినా దానికీ మందున్నది. దాస్తేనే ముదురుతది," అన్నాడట.

చిన్నబాపు బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు, తర్వాత నవ్వాడు. సోడా సంగతి విని తాతయ్య, "నిన్ను నువ్వు గూడ రంగుల ముంచుకుందామనుకున్నవార?" అన్నాడు. పది రోజుల్లో తగ్గింది. రక్తంలో ఏమీ లేదని తేలింది. పెళ్లి అనుకున్న రోజే అయింది. చిన్నమ్మకు నెల తిరగకముందే ఆయనే అంతా చెప్పాడు. అప్పటి నుంచి ఆయన బట్టలు రెండు నీళ్లు ఎక్కువ జాడించేదాన్నని ఆమె మొన్న ఆయన దినాల్లో తలచుకుంది.

నాకు యాభై దాటాక అక్కడే ఎర్రబడి, తగ్గి, మళ్లీ వచ్చింది. రెండోసారి రాగానే పోయాను. గదిలో మా బిడ్డ ఈడు డాక్టరమ్మ ఉంది. వెనక్కి తిరిగి వద్దామనిపించింది. కూర్చోకముందే విషయం చెప్పేశాను. ఇట్లా మాటిమాటికీ వస్తే షుగర్ చూడాలని ఆమె పరీక్ష రాసింది. షుగర్ ఉంది. ఇంకా దేన్నీ చెడగొట్టకముందే దొరికింది.

సిగ్గు నాకు పోలేదు. ఆ రోజు బస్సు పక్కన నిలబడ్డ తాతయ్యకూ ఉండే ఉంటుంది. సిగ్గుపడుతూనే చెప్పవచ్చని ఆయన దగ్గర చూశాను. అది ఇప్పటికీ నాకు పనికొస్తోంది.