లింగన్న కాక పెట్టిన నాలుగు తెల్ల చుక్కలు

నిన్న పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది.

లింగన్న కాక చనిపోయాడట.

డ్యూటీకి పోదామని బూట్లు వేసుకుంటూ, మంచం మీదే పక్కకు ఒరిగిపోయాడట. అంబులెన్స్ వచ్చేసరికే ఖలాస్ అయిపోయింది అన్నాడు ఆయన రూమ్మేట్.

రాసింది మళ్లీ చదువుకోలేదు. తప్పులుంటే క్షమించండి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. లింగన్న కాక మాకు చుట్టం కాదు. మా నాన్నది, అదే బాపుది, ఆయనది జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్లు. ఇక్కడ ఈ ఎడారి దేశంలో, జహ్రా అనే ఊళ్లో ఒక గ్యారేజీలో ఎన్నో ఏళ్లుగా మెకానిక్. నా ట్వెల్త్ ఫిజిక్స్ ప్రాజెక్టుకు అసలు సార్ ఆయనే.

నా టాపిక్ నీడిల్ రోలర్ బేరింగ్స్.

నెట్‌లో చూసి రాసుకున్న డెఫినిషన్ చదివి వినిపిస్తే కాక నవ్వాడు. "ఇంగ్లీషు మంచిగుంది బిడ్డా. ఎప్పుడన్న చేతిల పట్టుకున్నవా?"

నా అరచేతిలో గుప్పెడు ఉక్కు పుల్లలు పోశాడు. అగ్గిపుల్లను మూడు ముక్కలు చేస్తే ఎంత ఉంటుందో ఒక్కోటి అంత. పేరుకే సూదులు, మొన ఉండదు.

బాల్ బేరింగ్‌లో గుండు ఒక్క చుక్క మీదే ఆనుతుంది. సూది తన పొడవంతా ఆనుతుంది. అందుకే అంత సన్నగా ఉండి కూడా అంత బరువు మోస్తుంది. గేర్‌బాక్సులో, ఇంజన్‌లో, బండి కింద తిరిగే షాఫ్ట్ జాయింట్లలో, పెద్ద బేరింగ్ పట్టని ప్రతి ఇరుకులో ఇవే ఉంటాయి.

"జాగ తక్కువ, మోసుడు ఎక్కువ. మా రూం లెక్కనే," అన్నాడు కాక. "ఎనిమిది మందిమి వరుసగ పండుతం. ఒక్కడు అడ్డం తిరిగిండనుకో, ఎవ్వనికి నిద్ర ఉండది."

అది అలాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ కాక మాటలకు, కుడి పేజీ టెక్స్ట్‌బుక్ మాటలకు. షాఫ్ట్ జాయింట్‌ను ఆయన "క్రాస్" అనేవాడు. నేను "కీలు" అన్నాను. "మోకాలు లెక్కనా? మస్తుగ చెప్పినవ్," అని ఆ రోజంతా కీలు కీలు అంటూనే ఉన్నాడు.

క్రాస్‌కు నాలుగు చేతులు. ఒక్కో చేతికి ఒక చిన్న ఉక్కు కప్పు. కప్పు లోపలి గోడకు గ్రీజు రాసి సూదులు వరుసగా అంటించాలి. కప్పుకు ఇరవై ఆరు.

కాక దగ్గర ఒక రూల్ ఉండేది. పెట్టినవాళ్లు ఒకసారి లెక్కపెట్టాలి, ఇంకొకరు రెండోసారి లెక్కపెట్టాలి. రెండో లెక్క అయ్యాకే కప్పు బిగించి, దాని మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టేవాడు.

పోయిన శుక్రవారం బాపు పికప్‌కు కొత్త క్రాస్ వేశాం. బాపు ఆ బండిలోనే వాటర్ బాటిళ్లు డెలివరీ చేస్తాడు.

నాలుగో కప్పు నా చేతిలోంచి జారింది. సూదులన్నీ కింద పరిచిన అట్ట మీద చెల్లాచెదురయ్యాయి. ఏరాను, తుడిచాను, మళ్లీ అంటించాను.

పక్క కారు కిందనుంచి కాక అడిగాడు. "ఎన్ని?"

"ఇరవై ఆరు."

నేను లెక్కపెట్టలేదు.

పడేసుకున్నానని సిగ్గేసింది. ఆ మాట అనేసి చేతులు కడుక్కోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి షాఫ్ట్ బిగించేశాడు.

ఒక్క సూది తక్కువైతే మిగిలినవి వంకర తిరుగుతాయి. కప్పును తినేస్తాయి. ఏదో ఒక రోజు హైవే మీద షాఫ్ట్ ఊడి రోడ్డుకు తన్నుకుంటుంది. అట్లా పల్టీ కొట్టిన బండిని చూశానని కాకే చెప్పాడు.

నిన్న ఆ ఫోన్ తర్వాత, కాక మాటలు చూసుకుందామని నోట్‌బుక్ తెరిచాను.

పేజీకి గ్రీజుతో అంటుకుని ఒక సూది.

అప్పటికి బాపు ఫుల్ లోడ్‌తో వఫ్రా రోడ్డు మీద ఉన్నాడు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు.

ఒకే రోజు ఇద్దరూనా అనిపించింది. ఆ వాక్యం రాయడానికి ఇప్పటికీ భయంగానే ఉంది.

నాలుగోసారి ఎత్తాడు. "ఏందే, ఊకె చేస్తున్నవ్? బండి నడుపుతున్న."

"బాపూ, ఆపు. పక్కకు ఆపు. జల్ది!"

ఆపాడు. కాక సంగతి ముందు చెప్పాలో, నా అబద్ధం ముందు చెప్పాలో తెలియక రెండూ కలిపి చెప్పేశాను.

తర్వాత డోర్ తీసిన చప్పుడు. ఆ ఎండలో బండి కిందికి దూరాడు.

"చుక్కలున్నయా బాపూ?"

"ఉండు, దుమ్ము పట్టింది. తుడువనీ. ఒకటి. రెండు. మూడోది ఇగో."

నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను.

"నాలుగోది పై దిక్కుంది, కనవడుతలేదు. ఆగు. ఆ, ఉందే. ఉంది బిడ్డా."

బాపు ఏడుపు ఆ బండి కిందే మొదలైంది.

ఫోన్ పెట్టేశాక సూదిని టీపాయ్ అద్దం మీద దొర్లించాను, కాక నేర్పినట్టే. కొత్తదైతే గీత గీసినట్టు పోతుంది. ఇది ఆగి ఆగి ఎగిరింది. అరిగిన పాత సూది. ప్రాజెక్టులో చూపించడానికి ఒక పాతది కావాలని నేనే అడిగి తీసుకుని, ఆ నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను. భయంలో ఆ సంగతే గుర్తు రాలేదు.

నాలుగో చుక్క ఉందంటే కాక రెండో లెక్క పెట్టినట్టే. మరి ఆ రోజు నాలుగో కప్పులో నేను పెట్టింది ఇరవై ఆరేనా? తక్కువైతే, అట్ట కింద వెతికి ఆయనే పెట్టాడా? ఇక ఎవరినీ అడగలేను. ఆ రోజు కాక నన్ను ఒక్క మాట అనలేదు. "చాయ్ తాగు బిడ్డా" అన్నాడు, అంతే.

ఈ పొద్దున బాపు బండి తీసే ముందు నేనే కిందికి దూరి చూశాను. నాలుగూ ఉన్నాయి. అయినా భయం పోలేదు. సాయంత్రం హారన్ వినిపించేదాకా పోదు.

కాకను ఊరికి పంపే కాగితాలు నడుస్తున్నాయి.

కాకా, ఆ రోజు నేను లెక్కపెట్టలేదు. నీకు అప్పుడే చెప్పాల్సింది.

పోయి రా కాకా. అక్కడైనా జాగ ఎక్కువుండాలి నీకు. కాళ్లు బారజాపుకొని, ఎట్లంటే అట్ల తిరిగి, నిమ్మళంగా పండుకో.