పడగ మీద చెయ్యి

మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, శుక్రవారం తెల్లారకముందే పోయాడు. మన ఊరి వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో కింద దండాలు పెట్టిన అందరికీ నమస్కారం. ఎదురుగా మాట్లాడాలంటే నాకు నోరు రాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

బయటూళ్లలో పెరిగిన పిల్లలు కూడా ఇందులో ఉన్నారు, వాళ్లకోసం చెబుతాను. మన గుడి ఉత్సవ విగ్రహం పంచలోహ కృష్ణుడు. ఎడమకాలు కాళింగుడి పడగ మీద, కుడికాలు గాల్లో, ఎడమచేతిలో పాము తోక. కుడి అరచెయ్యి భయపడొద్దన్నట్టు పైకెత్తి ఉంటుంది. ఆ చెయ్యి మనకోసమే అనుకునేవాణ్ణి.

"మనకి కాదురా, పాముకి" అన్నాడు తాత ఒకసారి. "ఏరు వదిలి సముద్రంలోకి పో, నా అడుగు నీ నెత్తిన ఉండాది, ఇంక గరుత్మంతుడు నీ జోలికి రాడు అని చెప్తా ఉండాడు."

వల బాగుచేసుకుంటూ ఈ కథ చెప్పి నవ్వించేవాడు. "ఏటిగట్టు వాళ్లకి పీడ వదిలించి మన మీదకి తోలినాడు సామి. మనల్ని ఒక్క మాటన్నా అడిగినాడా?" అందరూ నవ్వాక మెల్లగా అనేవాడు: "వచ్చినోణ్ణి పొమ్మంటామా. అదీ మనతోపాటు బతకతాది."

మాఘ పౌర్ణమికి స్వామిని సముద్ర స్నానానికి తెచ్చినప్పుడు స్వామిని పూజారే తాకాలి. పడగని మాత్రం మనం తాకొచ్చు. చేపల వేటకి పోయే వాళ్లంతా దాన్ని నిమిరి నిమిరి పొలుసులు అరిగిపోయాయి. చింతగింజలా నున్నగా ఉంటుంది. తాత అందరికన్నా చివర వచ్చి, అరచెయ్యి అక్కడే పెట్టి కాసేపు ఉండేవాడు.

ఈ ఏడు మన కుర్రాళ్లు స్వామికి వెండి కవచం చేయించారు. మీటింగులో తాత ఒక్కడే అడ్డం చెప్పాడు. "సామికి ఏమన్నా తొడగండి. పడగ మాత్రం మూయబాకండి."

"ఏంది తాతా, నీకు సామి కంటే పామే ఎక్కువా?" అన్నాడు ఒకన్న. అందరూ నవ్వారు.

"సామి మనల్ని చూసుకుంటాడు. దానికి సముద్రం కనపడొద్దా?" అన్నాడు తాత. ఎవరూ పట్టించుకోలేదు.

పౌర్ణమి నాటికి ఆయనకి ఆయాసం ముదిరింది. ఒడ్డుదాకా రాలేడని వాకిట్లో కుర్చీ వేశాం. స్వామిని మోసేవాళ్లు మా ఇంటి ముందు ఆగి కిందికి దించారు. తాత చెయ్యి చాపి, వెండి తొడుగు మీద నుంచే పడగ తాకాడు. వెంటనే తీసేశాడు.

"ఇది కాదురా పిలకాయా" అన్నాడు నాతో.

నేను గుడికి పోయి చాలాసేపు స్తంభం దగ్గర నిలబడ్డాను. పూజారి గారే "ఏంది నాయనా?" అని అడిగితే చెప్పాను. "ఈ శనివారం అభిషేకానికి కవచం తీస్తాను. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకురండి, పడగ తాకి పోతాడు" అన్నారు.

ఆ మాట చెప్తే తాత చేతులు ముందుకు చాపాడు. "గోళ్లు తియ్యరా. గీసుకుంటాది దానికి."

తీశాను. ఆ శనివారం రాకుండానే పోయాడు. మీటింగులో ఇంకొక్కరు ఆయన మాట అందుకున్నా, వాకిట్లో ఆ పూట పడగ తొడుగు ఒక్కటి తీసి చూపించినా సరిపోయేది. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. అదే తిరుగుతోంది మనసులో.

ఈరోజు శనివారం. మైల కదా, నేను గుడిలోకి పోకూడదు. రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. లోపల గంట మోగింది. కవచం తీసుంటారు. కాసేపటికి గోడ కింది తూము నుంచి అభిషేకం నీళ్లు వచ్చాయి, పాలతో, పసుపుతో. ఆ పడగ మీద నుంచి జారిన నీళ్లే. రోడ్డు దాటి, ఇవతలి ఇసుకలో వంకర్లు తిరుగుతూ సముద్రం వైపు పోతున్నాయి. నా కాళ్ల దగ్గరికి వస్తే, దోవ ఇచ్చి పక్కకి జరిగాను.