ఓనరు సగం మీసం

తొంభైల చివర్లో, రాయపురంలో నేను పనిచేసిన ఫోటో స్టూడియోకి కంప్యూటరు వచ్చిన కొత్తలో మా ఓనరుకి కళాపిచ్చి ముదిరింది. ఫోటోలో మనిషిని ఒక పక్కనుంచి ముక్కలుగా కోసి, పొడై గాలికి ఎగిరిపోతున్నట్టు చూపించడం వారం రోజులు సాధన చేశాడు. ఒక్కో ముక్క జరపడానికి ఆ కంప్యూటరు ఆపసోపాలు పడేది. ఈయనేమో మహాశిల్పిలా తల పక్కకి వంచి మురిసిపోయేవాడు. వాడింది సొంత ఫోటోనే. భుజం, చెవి, సగం మీసం ఎగిరిపోయాక ఫ్రేము కట్టించి కౌంటరు మీద పెట్టాడు. మాకు కూడు పెట్టే పని, పాత ఫోటోలు బాగుచేయడం, సొరుగులో మూలుగుతూనే ఉంది.

ఒక పొద్దున ఒక పెద్దావిడ తన పెళ్లి ఫోటో తెచ్చింది. చెదలు పెళ్లికొడుకు భుజాన్ని తినేశాయి. కౌంటరు మీది ఫోటో చూసి ఆవిడ ఓనరు మీద జాలిపడింది.

"అయ్యో నాయనా, ఈడ కూడా చెద పట్టిందా?"

"చెద కాదమ్మా, ఎఫెక్టు! వారం రోజులు కష్టపడి నేర్చుకున్నా."

ఆవిడ తన ఫోటోని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

"చెడగొట్టేదానికి వారమా? మాయింట్లో చెదలకి రెండు దినాలు చాలినాయి."