తేడా తెలియని బొబ్బట్టు

మా పాపకు అన్నప్రాశన కార్ఖానా అనే పేటలో ఉన్న మా ఇంట్లోనే చేశాం. అత్తగారు చిక్కటి పాలు పోసి పరమాన్నం వండారు. ఉంగరంతో కొంచెం తీసి పాప నాలుకకు రాశారు. పాప చప్పరించింది, నవ్వింది. అందరం ఫొటోల హడావిడిలో ఉన్నాం. కాసేపటికి చూస్తే పెదవులు ఉబ్బి ఉన్నాయి. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఏడవబోయింది కానీ ఏడుపు బయటికి రాలేదు, గొంతులో ఈల వేసినట్టు ఏదో చప్పుడు మాత్రం వచ్చింది. ఆ చప్పుడు వింటూ ఆటోలో ఆసుపత్రికి వెళ్లాను. దారిలో ఏం మాట్లాడానో, ఎవరికి మొక్కానో నాకు గుర్తు లేదు.

పాపకు పాలు పడవని డాక్టరు చెప్పారు. పెరుగు, వెన్న, నెయ్యి, ఏదీ వద్దన్నారు. పెద్దయ్యాక కొందరికి తగ్గుతుందని, కొందరికి తగ్గదని, అప్పటిదాకా చుక్క కూడా తగలనివ్వొద్దని అన్నారు. మళ్లీ అలా అయితే వెంటనే తొడకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఎలా పట్టుకోవాలో నాకు నేర్పారు. అప్పటినుంచి ఆ ఇంజెక్షన్ సంచి నన్ను వదల్లేదు. స్నానానికి వెళ్లినా తలుపు పక్కన తగిలించుకుని వెళ్లేదాన్ని.

ఇంట్లో పాల ప్యాకెట్లు మానేశాం. అత్తగారు నెయ్యి జాడీని తన చేతులతోనే పక్కింటివాళ్లకు ఇచ్చేశారు. ఆ రోజు తర్వాత చాలాకాలం ఆవిడ పాప నోట్లో తన చేత్తో ఏదీ పెట్టలేదు. పెట్టమని నేనే ఇచ్చినా, "నువ్వే పెట్టు బిడ్డా, నాకు ధైర్యం చాలదు" అని పక్కకు జరిగేవారు.

నాకు నా వంటిల్లే భయంగా ఉండేది. పాలు కాచిన గిన్నెలు, పెరుగు చిలికిన కవ్వం పారేశాను. బజారు సరుకంటే ఇంకా భయం. రెజిమెంటల్ బజార్‌లో ఒకసారి జీడిపప్పు కొంటుంటే, కొట్టతను పాలపొడి తీసిన గరిటెనే తుడవకుండా జీడిపప్పు డబ్బాలో పెట్టబోయాడు. నేను వద్దని అరిచినంత పని చేశాను. అతను నన్ను వింతగా చూశాడు. ఖాళీ సంచితో ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత సీలు వేసిన ప్యాకెట్లు తప్ప విడి సరుకు కొనలేదు.

పాప పెద్దదవుతున్నకొద్దీ పక్కవాళ్ల ప్లేట్లలోకి చూడటం మొదలుపెట్టింది. పేరంటాల్లో, పుట్టినరోజుల్లో లడ్డూ వంక చూసి, నా వంక చూసి, చేతులు వెనక్కి పెట్టుకునేది. ఏ పిల్ల అయినా ఏడ్చి అడుగుతుంది. మా పాప అడగదు. అది చూడలేకే నేను పాలు లేని మిఠాయిలు చేయడానికి దిగాను. మా బంధువుల్లో కాలేజీ పిల్లలు దాన్ని వీగన్ అని, కొత్త ఫ్యాషన్ అని మెచ్చుకునేవారు. మాకది పిల్ల ప్రాణం సంగతి.

మొదట్లో ఏదీ కుదరలేదు. కొబ్బరిపాలతో సేమియా పాయసం చేస్తే విరిగిపోయింది. జీడిపప్పు రుబ్బి కోవాలా దగ్గరికి చేద్దామంటే మూకుడుకు అంటుకుని మాడింది. నూనెతో కాల్చిన బొబ్బట్లు పకోడీల వాసన వేశాయి. పాప ఒక ముక్క తిని, బాగుందని నా కోసం అబద్ధం చెప్పింది.

అప్పుడు అత్తగారే ఒక మాట చెప్పారు. "వెన్న కాగబెట్టేటప్పుడు తమలపాకు ఏస్తం గద. గిదే నూనెల సుత ఏసి చూడు."

వాసన లేని కొబ్బరినూనెలో కొంచెం నువ్వులనూనె కలిపి, తమలపాకు, గుప్పెడు మునగాకు వేసి సన్నటి సెగ మీద కాచాను. ఆకులు కరకరలాడేసరికి ఇల్లంతా నెయ్యి కాచినట్టు ఘుమఘుమలాడింది. దాంతో బొబ్బట్లు కాల్చాను. అత్తగారు వాటిని భచ్చాలంటారు. ఒకటి తుంచి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, ఇంకోటి తుంచి ఆవిడే పాప నోట్లో పెట్టారు. అన్నప్రాశన తర్వాత అదే మొదటిసారి.

ఆ తర్వాత నాకు పట్టుదల పెరిగింది. నెయ్యి బొబ్బట్టుకూ నా బొబ్బట్టుకూ తేడా తెలియకూడదని పదే పదే చేశాను. చివరికి ఎవరికీ తెలియలేదు. వచ్చినవాళ్లు తిని, నెయ్యి ఎక్కడ కొన్నారని అడిగేవారు.

మా ఆడబిడ్డ యాప్రాల్‌లో ఫ్లాట్ కొనుక్కుంది. గృహప్రవేశానికి వంటవాళ్లను పెట్టుకుంది, అయినా నన్ను బొబ్బట్లు తెమ్మంది. పాప మేనత్త ఇంట్లో అందరితోపాటు తినాలని తన కోరిక. స్టీలు డబ్బాలో సర్ది, మూత మీద పాప పేరు రాసి తీసుకెళ్లాను. పూజలో కూర్చున్నంతసేపూ చూపు ఆ డబ్బా మీదే ఉంది. హారతికి లేచి, కళ్లకు అద్దుకుని వచ్చేసరికి డబ్బా అక్కడ లేదు.

వంటగదిలోకి పరుగెత్తాను. సాయానికి వచ్చిన ఒక పెద్దావిడ డబ్బా కడుగుతోంది. వంటవాళ్ల బొబ్బట్లు, నావి కలిపి పెద్ద పళ్లెంలో అందంగా పేర్చి పిల్లలున్న గదిలోకి పంపానంది. ఆవిడకేం తెలుసు, పాపం.

గదిలో మా పాప మంచం అంచున కూర్చుని కాళ్లూపుతోంది. చేతిలో సగం తిన్న బొబ్బట్టు. బుగ్గ నిండా ఉంది. నేను నోట్లో వేలు పెట్టి ఉన్నదంతా తీసేశాను. నీళ్లు పుక్కిలింపజేశాను. పాప బెదిరిపోయి, "నీదే కదమ్మా?" అంది.

మిగిలిన సగాన్ని వాసన చూశాను. నెయ్యి వాసన. కానీ నా నూనెకూ అదే వాసన. నాలుక మీద వేసుకున్నాను. అంత కష్టపడి ఏ తేడా లేకుండా చేశానో, ఆ తేడా ఇప్పుడు ఎంత వెతికినా దొరకలేదు. అత్తగారికి అందించాను. ఆవిడ నమిలి నా మొహం వంక చూశారు. "తెలుస్తలేదు బిడ్డా" అన్నారు.

మా ఆయన కారు తీశారు. వెనక సీట్లో పాపను ఒళ్లో పెట్టుకున్నాను, పక్కన అత్తగారు. ఇంజెక్షన్ చేతిలో ఉంది. పాప పెదవులనే చూస్తున్నాను. చూసేకొద్దీ ఉబ్బుతున్నట్టే అనిపించేది. రెప్ప వేసి మళ్లీ చూస్తే మామూలుగా ఉండేవి. తిరుమలగిరి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు బస్సు కదలదు. మా ఆయన హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. పాప చిన్నగా దగ్గింది.

"అమ్మా, మెడ దురద పుడుతోంది" అంది పాప.

నేను ఇంజెక్షన్ మూత తీశాను. లంగా పైకి జరిపి తొడ పట్టుకున్నాను. అంతలో అత్తగారు పాప జాకెట్టు మెడను వెనక్కి లాగి, వంగి చూసి నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగు. దద్దు గాదు. జరీ గీకింది, జెర చూడు."

చూశాను. కొత్త జాకెట్టు అంచు ఒరుసుకున్న చోట సన్నటి ఎర్ర గీత. ఛాతీ మీద, వీపు మీద, పొట్ట మీద వెతికాను. ఎక్కడా ఏమీ లేదు. చెవి పెట్టి విన్నాను. ఊపిరిలో ఈల లేదు. అయినా ఆసుపత్రి వచ్చేదాకా మూత మళ్లీ పెట్టలేదు.

సాయంత్రం దాకా పాపను అక్కడే ఉంచి చూశారు. ఏమీ కాలేదు. పాప మంచం మీద కూర్చుని నర్సుతో కబుర్లు చెప్పింది. నేను వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూలబడ్డాను. అత్తగారు వచ్చి పక్కనే నేల మీద కూర్చున్నారు. పాప తిన్నది నా బొబ్బట్టో, వంటవాళ్లదో ఈ రోజుకూ మాకు తెలియదు.

మర్నాటి నుంచి నేను తేడా తెలిసేలా చేయడం మొదలుపెట్టాను. పిండిలో బీట్‌రూట్ రసం కలిపితే బొబ్బట్టు ఎర్రగా వస్తుంది. గుమ్మంలో నిలబడి చూసినా నాదేదో చెప్పగలను. పాపకు అది నచ్చలేదు. అందరివీ పసుపుపచ్చగా ఉంటే తనదే ఎందుకు ఎర్రగా ఉండాలని మొదటిసారి ఏడ్చింది. అత్తగారు ఒక ఎర్ర బొబ్బట్టు తీసుకుని పాప ఎదురుగా కూర్చుని తిన్నారు. పాప కోపంగా చూసి చూసి, చివరికి ఆవిడ చేతిలోంచి సగం లాక్కుంది.

ఇప్పుడు పాప బడికి వెళుతోంది. ఈ మధ్య రక్తపరీక్షలు చూసి డాక్టరు, అలర్జీ తగ్గుతూ ఉండవచ్చని, ఆసుపత్రిలో తమ కళ్లముందు పాలు చుక్క చుక్కగా ఇచ్చి చూద్దామని అన్నారు. మా ఆయన వెంటనే సరేనన్నారు. పాపకైతే ఐస్‌క్రీమ్ గురించి తప్ప వేరే ఆలోచన లేదు. నేను మాత్రం ప్రతిసారీ జలుబనో, పండగనో ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తున్నాను.

నిన్న అత్తగారు పూలు కడుతూ, తల ఎత్తకుండానే అన్నారు. "ఈ పాలి పోదాం బిడ్డా. నేను సుత వస్త."

ఆసుపత్రికి ఫోన్ చేసి తారీఖు అడిగాను. వాళ్లు చెప్పింది క్యాలెండర్‌లో రాసుకున్నాను.