అక్క కొలత

తలుపుల ఫ్యాక్టరీలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇరవై ఆరేళ్ళు కలిసి పనిచేశారు. అక్క ప్యాకింగులో, చెల్లెలు చెక్కల్ని నునుపు చేసే యంత్రం దగ్గర. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అమ్మానాన్నలు పోయాక ఒక గది అద్దెకి తీసుకుని, రెండు మంచాలు, ఒక బల్ల వేసుకుని, ఒకరికొకరుగా ఉండిపోయారు. అక్క మనిషి పొట్టి, మాట పొడుగు. చెల్లెలు మనిషి పొడుగు, మాట పొట్టి. "మనిద్దర్నీ కలిపి సగానికి కోస్తే ఇద్దరు సరైన మనుషులు తయారవుతారే" అని అక్క నవ్వేది.

అలాంటి అక్క యాభై రెండో ఏట పెళ్ళి కుదుర్చుకుంది. ఫ్యాక్టరీకి నెలకోసారి వచ్చి రంపాలకి పదును పెట్టే ఆయనతో. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. ఆకురాయి చేతిలో ఉన్నంతసేపూ తలెత్తడు. ఆయన ఎప్పుడు తలెత్తాడో, అక్క ఎప్పుడు నవ్విందో, పదడుగుల దూరంలో పనిచేసే చెల్లెలికే తెలియలేదు. ఆమె కడుపుమంటలో సగం దానికే.

"ఈ వయసులో పెళ్ళేంటక్కా? నలుగురూ నవ్విపోతారు" అనేసింది.

అక్క గిన్నె తోముతోంది. తోముతూనే ఉండిపోయింది. మాటకి పది మాటలు చెప్పే మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

పెళ్ళయింది. అక్క తన మంచాన్ని కింది వాటా వాళ్ళకి ఇచ్చేసి, రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న ఆయన ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత ఫోన్లు వచ్చేవి. "బాగున్నావా?" "బాగున్నా." "తిన్నావా?" "తిన్నా." అంతే, ముక్తసరిగా. ఫోన్ పెట్టేశాక చెల్లెలు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చునేది.

గదికి వెళ్ళబుద్ధి కాని ఒక సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ పెరట్లో చెక్క ముక్కల కుప్ప పక్కన చతికిలబడింది. తలుపుల కొసలు, కిటికీ చట్రాల్లో మిగిలిన తునకలు, పేడు లేచిందని పక్కన పడేసిన పలకలు. మర్నాడు పొద్దున్నే అన్నీ బాయిలర్లోకి పోతాయి. ఒక ముక్క తీసి బొటనవేలితో రుద్దింది. మంచి టేకు. పొద్దున తన చేతి కిందే నునుపు తేలిన చెక్క అది.

"మేస్త్రీగారూ, వీటిలో నాలుగు పట్టుకెళ్ళనా?"

"నాలుగేంటమ్మా, బండెడు పట్టుకెళ్ళు. కాల్చేదేగా! ఇంతకీ ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి" అంది. నిజానికి ఆమెకే తెలియదు.

ముందు గోడకి ఒక అర చేసింది. అది వంకరగా వచ్చింది. రెండోది తిన్నగా వచ్చింది. కుట్టుపని చేసే పక్కింటావిడ చూసి, దారపు ఉండలకి ఏదైనా చేసిపెట్టమంది. నలభై పుల్లలు గుచ్చిన పలక చేసిచ్చింది. ఎదురింటి రిటైర్డు మాస్టారికి మెడ నొప్పి. పుస్తకం ఆనించుకుని చదవడానికి ఏటవాలు బల్ల చేసిచ్చింది. పిల్లలకి చిన్న ముక్కల మీద అక్షరాలు చెక్కింది. 'ఋ' అక్షరం దగ్గర ఉలి జారి వేలు తెగింది. పిల్లలు ఆమెని ముక్కల పిన్ని అనడం మొదలెట్టారు. వీధి వీధంతా అదే ఖాయం చేసింది.

పక్కింటావిడ మళ్ళీ వచ్చింది. "వదినా, అటక మీద సామాన్లు దింపుకోవడానికి రెండు మెట్ల పీట చేసిపెట్టవూ" అంది.

మూడు సాయంత్రాలు కూర్చుని చేసింది. పక్కింటావిడ దాని పై మెట్టెక్కి నిలబడిందో లేదో, తల ఠపీమని పైకప్పుకి కొట్టుకుంది.

"అయ్యో రాత! నన్ను చూశావా అసలు? తాటిచెట్టంత ఉన్నాను కదా. ఎవరి కొలతకి చేశావు వదినా ఇది?"

ఆమె పీటని దగ్గరికి లాక్కుని చూసింది. చేసేటప్పుడు చెయ్యి టేపు పట్టుకుంది గానీ, మనసు కొలిచింది మాత్రం అక్కని. ఆ పీటెక్కితే అక్క చెయ్యి తమ గదిలో పై అరకి సరిగ్గా అందుతుంది.

పక్కింటావిడకి ఇంకో పీట చేసిచ్చింది. మొదటిదాన్ని మళ్ళీ నునుపు తీసి, నూనె రాసి, అక్క ఉండే ఊరికి తలుపులు తీసుకెళ్ళే ఫ్యాక్టరీ లారీ డ్రైవరుకి అప్పజెప్పింది. చీటీ ఏమీ పెట్టలేదు.

నాలుగో రోజు ఫోనొచ్చింది.

"పీట వచ్చిందే" అంది అక్క. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏమైందక్కా? ఆయనేమైనా అన్నారా?"

"ఛ, ఆయన బంగారం. ఈ ఇల్లే..." అక్క గొంతు సర్దుకుంది. "ఆయన మొదటి భార్య మంచి పొడగరి. అరలు, పొయ్యి గట్టు, చిలక్కొయ్యలు, అన్నీ ఆవిడ ఎత్తుకి కట్టించుకున్నవి. నాకు ఒక్కటీ అంది చావదు. అద్దంలో నా నుదురొక్కటే కనిపిస్తుంది. ఎనిమిది నెలలైందే, బొట్టు తిన్నగా ఉందో లేదో చూసుకుంటున్నాను గానీ, నా మొహం నేను పూర్తిగా చూసుకోలేదు."

"మరి చెప్పొచ్చుగా ఆయనతో?"

"పోయినావిడ ముచ్చటపడి పెట్టించుకున్నవి పీకెయ్యమని ఏ మొహంతో అడగను? నీతో చెబుదామంటే, 'నేనప్పుడే అన్నానుగా' అంటావని భయం."

చెల్లెలు మర్నాడే వారం రోజులు సెలవు పెట్టింది. రెండు గోతాల చెక్క ముక్కలు, రంపం, ఉలి, సుత్తి వేసుకుని రైలెక్కింది. స్టేషనుకి బావ వచ్చాడు. ఆయన్ని అంతవరకూ ఆమె ఏమనీ పిలవలేదు.

"బావగారూ, అక్కకి ఇంట్లో ఏదీ అందట్లేదండీ" అంది, గోతం దించకుండానే.

ఆయన రెండో గోతం భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఇంటికి వెళ్ళాక వంటింట్లో గట్టు ముందు నిలబడి, దాని అంచుని చేత్తో తడిమాడు. "రంపానికి ఒక్క పన్ను వంగినా నా కంటికి ఆనుతుంది. ఇంట్లో మనిషి మునివేళ్ళ మీద నిలబడి వంట చేస్తుంటే ఆనలేదు" అన్నాడు. "పీకేద్దాం, అన్నీ పీకేద్దాం."

"ఏమీ పీకొద్దు" అంది అక్క. "ఆవిడవి అలాగే ఉండనివ్వండి. వాటి కింద నావి పెట్టండి."

అలాగే చేశారు. గట్టు ముందు పొడుగునా చెక్క మెట్టు పరిచారు. పాత అరల కింద కొత్త అరలు వచ్చాయి. బావ కోసిస్తే చెల్లెలు నునుపు తీసింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునే రకం కాదు కాబట్టి పని చకచకా సాగింది. ఆఖరున రకరకాల చెక్క తునకలు అతికించి ఒక చట్రం చేసి, అందులో కొత్త అద్దం బిగించారు.

ఎత్తు చూడమని అక్కని గోడ దగ్గర నిలబెట్టి, పెన్సిల్‌తో గీత గీస్తూ చెల్లెలు అంది, "అక్కా, ఆ రోజు నేనన్న మాట..."

"నలుగురూ నవ్వారో లేదో నాకు తెలీదు. నువ్వు నవ్వలేదు కదా?"

"నవ్వడమా! నువ్వు లేకుండా ఎలాగా అని భయమేసింది. అది చెప్పడం చేతకాక అలా అన్నాను."

"నాకూ భయమేసిందే. నువ్వొక్క మాట ఉండిపొమ్మంటే ఉండిపోయేదాన్నేమో" అంది అక్క. "అనకపోవడమే మంచిదైంది."

చెల్లెలి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆ ఒక్క మాట ఆమె నాలుక చివర ఎన్నిసార్లు ఆడిందో ఆమెకే తెలుసు.

వెళ్ళే రోజు పొద్దున అక్క, "ఇక్కడే ఉండిపోవే. వెనక గది ఖాళీగానే ఉంది" అంది. చెల్లెలికి ప్రాణం లాగేసింది. కానీ ఆ వారం రోజులూ చూసింది. సాయంత్రం బావ ఇంటికి రాగానే అక్క గడపలో కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ ఏకరువు పెడుతుంది. ఆయన కాళ్ళు కూడా కడుక్కోకుండా వింటాడు. వాళ్ళ మధ్య ఇంకొకరికి చోటు లేదని కాదు. ఆ వేళకి తను ఇంకో గదిలోకి తప్పుకోవలసి వస్తోంది.

"నా యంత్రం ఇంకొకరి చేతికి లొంగదక్కా. మళ్ళీ వస్తానుగా" అంది.

రైలు కదిలింది. ప్లాట్‌ఫారం నిండా జనం. వాళ్ళ వెనక అక్క మొహం కనిపించలేదు. తలల మీదుగా పైకెత్తిన చెయ్యి ఒక్కటే కనిపించింది. అది కూడా మరుగయ్యేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ, "ఎవరమ్మా, మీ అమ్మాయా?" అని అడిగింది.

"అక్క" అంది. ఆ తర్వాత ఆగకుండా మాట్లాడింది. అక్క గురించి, వాళ్ళ గది గురించి, అద్దం గురించి. జన్మలో ఎవరితోనూ అంతసేపు మాట్లాడి ఎరగదు.