సంకెళ్ళ తల్లికి కట్టిన తోరం

మహిమలూ, దయ్యాలూ అంటే నవ్వేదాన్ని. యాభై దాటాక గుడి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇది నా చేత్తోనే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది బర్మాలో, యాంగోన్ ఊళ్ళో పజుండౌంగ్ పేట. అహ్లోన్ రేవులో బియ్యం మిల్లు మూసేసినప్పుడు అక్కడ పనిచేసే మా మామగారు దొరల బంగళాలోంచి పెద్ద పటం ఒకటి తెచ్చారు. సముద్రం ఒడ్డున బండకి గొలుసులతో కట్టేసిన అమ్మాయి, నీళ్ళలో నోరు తెరిచిన మృగం, ఆకాశంలోంచి కత్తి దూసి దిగుతున్న వీరుడు. మా అత్త ఆ పిల్లను అమ్మవారనుకుని పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పటినుంచి ఆవిడ మాకు సంకెళ్ళ తల్లి. ఇంట్లో మగవాళ్ళు ఓడెక్కితే పటానికి మూడు ముళ్ళతో పసుపు తోరం కడతాం. మనిషి ఇల్లు చేరాకే విప్పుతాం.

ఆమె గ్రీకు కథలో రాజకుమారి అనీ, అది పాత యూరప్ చిత్రానికి నకలనీ నా బర్మా కోడలు ఖిన్ ఫోన్‌లో చూసి చెప్పింది. అయినా తోరం మానలేదు. నమ్మకం కాదు, అలవాటు.

పోయిన వానాకాలం మా అబ్బాయి అప్పలరాజు పనిచేసే సరుకు ఓడ మునిగిందని కబురొచ్చింది. కొందరు దొరికారు. వాడు దొరకలేదు. మూడు రోజులు గడిచాయి. పక్కింటి దాలమ్మ వచ్చి కూర్చుంది.

"ఆ తోరం తీసీ వదినా. ఇంకేటి చూస్తావు?"

"ఆడొచ్చాకే ఇప్పుతాను. నువ్వు టీ తాగీసి ఎల్లు."

మర్నాడు పొద్దున్న దీపం పెట్టబోతే తోరం నేల మీద ఉంది. తెగలేదు. మూడు ముళ్ళూ విడిపోయి ఉన్నాయి. తడిసి ముద్దయింది. గోడ మాత్రం పొడిగా ఉంది, పైకప్పు కారలేదు. నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. ఖిన్ కూడా రుచి చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడవకే. మనిషొస్తేనే కదా ఇది ఇప్పుతాం! ఆడు గట్టెక్కీసాడు. బియ్యం కడుగు."

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అమ్మా, నానే."

"అన్నం తిన్నావేట్రా?" అన్నాను.

చెక్కకి చెయ్యి తాడుతో కట్టుకుని, వాన నీళ్ళు తాగుతూ ఆ మూడు రోజులూ తేలాడట. "ఇయాల తెల్లారీసరికి తాడు దానంతటదే ఇడిపోనాదమ్మా. ఎదురుగా చేపల పడవ. ఈదీసాను."

ఆ సాయంత్రం మా వీధంతా డప్పులే. అందరికన్నా ముందు గెంతింది దాలమ్మ. "నీ దొరసాని గట్టిదే వదినా!"

ముళ్ళు ఎవరు విప్పారో, ఆ ఉప్పు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మిమ్మల్ని నమ్మమనీ అనను. వాడు మళ్ళీ ఓడెక్కాడు. ఈసారి తోరం ఖిన్ కట్టింది. బలమంతా పెట్టి ముడి బిగిస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"అంత గట్టిగా వద్దే. అవసరమైతే ఆవిడ ఇప్పాలి కదా."